వేరే బండి రేడియేటరు

నలభై ఆరేళ్ల వయసులో నేను ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్ర రంగు, రెండే సీట్లు. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. కర్నూలులో ఒక డాక్టరుగారి షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉంటే, ఆయన ఊరు మారుతూ నాకు అమ్మేశారు. మాది కోయిలకుంట్ల దగ్గర రెండెకరాల జొన్నచేను మీద బతికిన ఇల్లు. చర్చికి కూడా నడిచే పోయేవాళ్లం. ఇరవై ఏళ్లుగా కడపలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెబుతున్నాను. నీకీ కారెందుకని అందరూ అడిగారు. నచ్చింది, కొన్నాను.

కారులో రేడియేటరు తుప్పు పట్టి పోయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. వేరే మోడల్‌ది తెచ్చి బిగించడమే దారి. నేనే టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాను. వెడల్పు, మందం, నీళ్ల పైపులు ఎటునుంచి వస్తాయి, అన్నీ. ఒక పాత వ్యానుది దాదాపు సరిపోతుందని వెతికి పట్టుకున్నదీ నేనే. ఒక్కటే తేడా. మా కారు రేడియేటరు కింది తొట్టిలో ఒక స్విచ్ ఉంటుంది. నీళ్లు బాగా కాగితే అది ఫ్యానును తిప్పుతుంది. వ్యానుదానికి ఆ స్విచ్ బిగించే రంధ్రమే లేదు.

కారు నడిచే స్థితిలో లేదు కాబట్టి కర్నూలులోనే ఒక షెడ్డులో పనికి ఇచ్చాం. అక్కడి మెకానిక్‌కు ఈ సంగతి మూడుసార్లు చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ అతను నా పక్కనున్న మా ఆయన వైపే చూశాడు. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఆయన ఏనాడూ స్కూటరు ప్లగ్గయినా విప్పి చూడలేదు.

“స్విచ్ యాడ పెడతావప్పా?” అని అడిగాను.

“అదంతా మేం చూసుకుంటాంలే అన్నా,” అన్నాడు మా ఆయనతో.

“అడిగింది నేను.”

“మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి,” అని నవ్వాడు.

జూన్ మొదట్లో ఒక శనివారం కారు తెచ్చుకున్నాం. చూడ్డానికి రేడియేటరు చక్కగా కూర్చుంది. నంద్యాల దాకా, ఆ తర్వాత కూడా, రోడ్డు మీద గాలి తగులుతున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ఆళ్లగడ్డలో అహోబిలం పోయే బస్సులు, జీపులు అడ్డంపడి ఆగిపోయాం. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. పక్కకు తీసేలోపే ముందునుంచి ఆవిరి లేచింది.

చల్లారేదాకా ఎండలో నిలబడి, ఆ తర్వాత వంగి చూశాను. స్విచ్ లేదు. దానికి పోవాల్సిన రెండు వైర్లూ నల్లటేపు చుట్టి, పైకి కనపడని మూలకు దోపి ఉన్నాయి. మరిచిపోయిన పని కాదది, దాచిన పని. టేపు పీకేసి, తల్లో పిన్ను తీసి ఆ రెండు కొసలనూ కలిపాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ఇంత తేలిక.

రోడ్డు పక్క సోడా బండి ఆయన ఇచ్చిన నీళ్లు రేడియేటరులో పోస్తూ మెకానిక్‌కు ఫోన్ చేశాను. స్విచ్ ఏదని అడిగాను.

“ఫోన్ అన్నకియ్యండి మేడమ్,” అన్నాడు.

మా ఆయన చెయ్యి చాపారు. నేను ఫోన్ కట్ చేశాను. అప్పుడు ఆయన నేల చూస్తూ అన్నారు.

“వాడు ముందే ఫోన్ చేసి నన్నడిగినాడు. స్విచ్ పెట్టాలంటే ఇంకో వారం పడతాది, అది లేకున్నా నడుస్తాది అంటే, సరేలే అంటి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు ఒప్పుకోవు గదా.”

పెళ్లయినప్పటి నుంచి ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ రోడ్డు పక్కన మాత్రం, “నువ్వు నోరు మూసుకో,” అని వచ్చింది. సోడా బండి ఆయన తల తిప్పుకున్నాడు. మెకానిక్ పరాయివాడు, వాడి పొగరు వాడిది. ఈయన నేను రాత్రిళ్లు కాగితం మీద బొమ్మ గీసుకుంటుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగిన మనిషి. ఆ స్విచ్ ఎందుకో ఈయనకూ చెప్పాను. కాదని తెలిసే సరేలే అన్నాడు. పిన్ను అలాగే ఉంచి కడప దాకా నేనే నడిపాను.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, రేడియేటర్లకు మాట్లు వేసే ఒక ముసలాయన దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు సర్దుకుని నేను చెప్పిందంతా విన్నాడు.

“ఎన్ని డిగ్రీలకు తిరగాలమ్మా?”

“తొంభై రెండు.”

తొట్టికి కన్నం చేసి, మరలున్న ఇత్తడి ముక్క ఒకటి అతికాడు. స్విచ్‌ను కాగే నీళ్లలో ముంచి, పనిచేస్తోందని నాకు చూపించి మరీ బిగించాడు.

“దీనికి వారం ఎందుకంట?” అన్నాడు. “ఒక పూట పని గదా.”

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది.

పన్నెండు రోజుల తర్వాత, నేను చపాతీలు చేస్తుంటే మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, “తప్పయింది,” అన్నారు.

“ఏది తప్పు?”

“నీకు ఫోన్ సంగతి చెప్పకపోడం.”

“అది కాదు. నేను చెప్పింది నీకు మాట మాదిరే వినపడలేదు. అదే తప్పు.”

ఆయన ముందుగదిలోకి వెళ్లిపోయారు. చపాతీ పెనం మీద మాడింది. దాన్ని తీసి పక్కన పడేసి, ఇంకో ఉండ ఒత్తాను.