మూడో కేబుల్ కింద

కోల్‌కతా వాట్‌గంజ్‌లో ఉండే శామ్సన్‌కి నలభై ఐదేళ్లు. పగలు రేవులో గుమాస్తా, సాయంత్రం కంప్యూటర్లో చక్రవర్తి. ఆ ఆటలో పిరమిడ్లు కట్టించాడు, సముద్రాలు దాటి రాజ్యాలు గెలిచాడు. ఇంట్లో మాత్రం ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలో భార్య రీనాని అడిగి తెలుసుకునే రకం.

ఈ కాలపు కట్టడాల్ని కూడా అద్భుతాలుగా ఆటలో చేర్చే పని, అది ఆడే తెలుగువాళ్ల గ్రూపు తలకెత్తుకుంది. కోల్‌కతా నుంచి ఒక్క కట్టడానికే చోటు. ఆ పని చూసే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వంశీ కృష్ణ, ఇంకొందరు సాల్ట్ లేక్ స్టేడియం అంటే, శామ్సన్ కేబుళ్ల మీద నిలిచే రెండో హుగ్లీ వంతెన అన్నాడు. "మనవైపు నుంచి మూడో కేబుల్ మా నాన్న బిగించిందే" అని అందరి నోళ్లూ మూయించాడు. వంశీ ఒప్పుకుని, ఆదివారంలోగా నాన్నగారి ఫొటో, నాలుగు మాటలు పంపమన్నాడు.

ఈ కేబుల్ కథ శామ్సన్ పెళ్లిచూపుల్లో చెప్పాడు, చర్చిలో సాక్ష్యంగా చెప్పాడు. బస్సు వంతెనెక్కితే చాలు, పక్క సీటువాడికి వేలు పెట్టి చూపిస్తాడు. చిన్నప్పుడు నాన్న దయానందం భుజాన కూర్చోబెట్టుకుని "అదే మన కేబులు" అన్నాడు మరి.

ఫొటో అడిగితే తల్లి యూనిస్ కళ్లజోడు పైకి తోసింది.

"కేబులు బిగించాడని ఎవుడు సెప్పాడ్రా?"

"నాన్నే. మన కేబులన్నాడు."

"దాని కిందేరా మీ నాయిన టీ పొయ్యి. ఏడేళ్లు అక్కడే కాసాడు. ఆ టీ తాగకండా ఒక్కడూ పైకెక్కీవోడు కాదు."

శామ్సన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ సాక్ష్యానికి పాస్టరుగారు ఆమెన్ కూడా అన్నారు. అమ్మ తీసిచ్చిన ఫొటోలో నాన్న, వెనక సగం లేచిన వంతెనని పట్టించుకోకుండా, కెటిల్ వంచి గ్లాసుల్లోకే చూస్తున్నాడు. చూస్తుంటే సిగ్గు పోయి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆటలో అన్ని కట్టించాడు, ఒక్క కూలివాడికి టీ ఇప్పించిన పాపాన పోలేదు.

స్టేడియం కావాలన్నవాళ్లు నవ్వుతారని తెలిసినా ఉన్నదున్నట్టు రాసి, ఫొటో పెట్టి పంపాడు. ముందు టీ కొట్టు కడితేనే వంతెన కట్టడానికి వీలవ్వాలని షరతు కూడా చేర్చాడు.

వంశీ ఫోన్ చేశాడు. "అన్నా, ఆటలో టీ కొట్టనేదే లేదు కదా. ఆ ఒక్క ముక్క తీసేద్దాం."

"తీసేస్తే వంతెన లేవదు తమ్ముడూ," అన్నాడు శామ్సన్.