ముప్పై అయిదు మార్కుల మాస్టారు

మా హెడ్మాస్టరు కూర్మనాథం గారికి లోకంలో ఒకటే అంకె వచ్చు: ముప్పై అయిదు. కాఫీకి ముప్పై అయిదు, పెళ్లిభోజనానికి ముప్పై అయిదు, నిమ్మాడ దగ్గర మాచేత తోయించిన బస్సుకీ ముప్పై అయిదే.

"అదేం బస్సు మాస్టారూ! సున్నా వేయాలి," అన్నాన్నేను.

"టెక్కలి సేరిందా లేదా రామూర్తీ? పాసే!"

ఆయన భార్య రమాదేవి గారి బాధ వేరు. "పెళ్లయిన కాణ్నుంచి సూత్తన్నాను బాబూ. పనసపొట్టు కూర వండినా అంతే, అన్నం మాడ్చినా అంతే. ఒక్క మార్కు ఎక్కువేత్తే ఈయన సొమ్మేటి పోతాది?"

ఇంట్లో నవ్వులాటే గాని టెక్కలిలో పై అధికారులు పెట్టే మీటింగులో కాదు. పదో తరగతి ఫలితాల్లో మా ఉద్దానం బడి ఏటా అందరికంటే ఆఖరు. పక్క మండలంలో ఒక బడికి ఏటా వంద శాతం. దాని కిటుకు నాకు తెలుసు. తొమ్మిదిలో వెనకబడినవాళ్ల చేతిలో టీసీ పెట్టి సాగనంపేవారు. వాళ్లంతా తిన్నగా మా బడికి వచ్చేవారు. లెక్కల మాస్టర్ని కనుక తిట్లు నాకు.

ఆ జూన్‌లో జోగారావు తన కూతురు దేవిని అలాగే తీసుకొచ్చాడు. "లెక్కలు రావని పంపేసినారు బాబూ. మీరూ కాదంటే పలాసలో జీడిపిక్కలు కొట్టడానికి పంపడమే." ఆ పిల్ల తలెత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. "వద్దు మాస్టారూ! మళ్లీ ఆఖరైతే మిమ్మల్ని బదిలీ చేస్తామన్నారు."

"సెయ్యనీ. ఈ పిల్ల మొకంలో నాకు ముప్పై అయిదు కనబడతన్నాయి. సాయంత్రాలు మా ఇంట్లో లెక్కలు నేనే సెప్తాను."

ఆయన తెలుగు పండితుడు. కూడికలే కుదురుగా రావు. పిల్లని ఎక్కడ చెడగొడతాడోనని భయపడి, గొణుక్కుంటూ నేనే రోజూ వెళ్లి చెప్పాను. ఆయన ఉప్మా తింటూ కూర్చునేవాడు.

ఫలితాలొచ్చాయి. మా బడి మళ్లీ ఆఖరే, బదిలీ కాగితమూ వచ్చింది.

"దీనికెన్ని మార్కులు మాస్టారూ?" అన్నాను ఉక్రోషంగా.

"హరిశ్చంద్రపురం కదా? రైలు ఆగుతాది. పాసే."

దేవికి లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు వచ్చాయి. ఇంతకాలం ఆయన చేతిలో ఎవరూ ఫెయిలవలేదని నాకప్పుడు తెలిసొచ్చింది. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం జోగారావూ దేవీ తెచ్చిన జీడిపప్పుతో రమాదేవి గారు పాకం చేశారు. మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని దేవి వైపు చూశారు.

"ముప్పై అయిదు," అన్నాం నేనూ ఆవిడా ఒక్కసారే.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ముప్పై ఆరు."

రమాదేవి గారు గరిటె వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నావా బాబూ? సాక్ష్యం నువ్వే!"