చప్పుడులో నేర్చిన మాట

తమ్ముడు శీను తలుపు తీయగానే పెయింటూ, ప్లైవుడ్ జిగురూ, లావెండర్ స్ప్రే కలగలిసిన వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. భివండిలో, పద్మనగర్‌లో, మేం పుట్టి పెరిగిన పాత బిల్డింగులోనే రెండు గదులు కలిపి వాడు వన్ బీహెచ్‌కే చేయించాడు. రాయిలాంటి ఇటుక గోడకు సిమెంటు పూసి, దాని మీద ఇటుకల బొమ్మ ఉన్న కాగితం అంటించాడు. తల తగిలేంత కిందికి ఫాల్స్ సీలింగ్ దించి, అందులో నీలం లైట్లు పెట్టాడు. ఒక మూల ప్లాస్టిక్ గడ్డి, ఆ గడ్డిలో ప్లాస్టిక్ కొంగ. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో తెలియనివాళ్లు ఒకసారి వచ్చి చూసి పోవచ్చు.

“అక్కా, డబుల్ గ్లాస్ కిటికీ. గల్లీల సాంచాల లొల్లి జర గూడ ఇనవడది. ఏక్‌దమ్ శాంతి,” అన్నాడు. సాంచాలంటే మా మరమగ్గాలు. వాటి తిండి తిని పెరిగినవాడికి ఇప్పుడవి లొల్లి అయ్యాయి.

నేను కళ్యాణ్ నుంచి వచ్చింది వాడి సోకులు చూడటానికి కాదు. అమ్మ ఇన్నాళ్లూ గల్లీ చివర అద్దె గదిలో ఉండేది. ఆ గది ఉన్న బిల్డింగు కూలగొడుతున్నారు. ఇక ఆమె వీడి దగ్గర ఉండాలా, నాతో రావాలా అన్నది ఆ రోజు తేలాలి. శీను ఆమెకు చూపించిన పడక హాల్లోని సోఫా. అందరూ టీవీ చూడటం అయ్యాక లాగితే అది మంచమవుతుంది. ఒకప్పుడు ఆరుగురం పడుకున్న చోట ఇప్పుడు అమ్మ చాపకు జాగా లేదు, కొంగకు మాత్రం ఉంది.

అప్పట్లో కింద కార్ఖానా, పైన మేము. సాంచాలు నడిచినంతసేపూ నేల అదురుతూ ఉండేది, గిన్నెలు వాటంతటవే బల్ల అంచు దాకా జరిగి వచ్చేవి, నూలు నూగు మా జడల్లో, అన్నంలో, దేవుడి పటాల మీద ఎక్కడ పడితే అక్కడ వాలేది. వానాకాలంలో తడి నూలు, గంజి, మిషన్ ఆయిలు వాసనల మధ్య అమ్మ సర్వపిండి కాలిస్తే, వేగుతున్న నువ్వుల కమ్మదనం ఒక్కటే వాటన్నింటినీ గెలిచేది. బతుకమ్మకు తంగేడు దొరక్క కళ్యాణ్ మార్కెట్ బంతిపూలతోనే పేర్చేవాళ్లం, సద్దుల నాడు పల్లీల పొడి, నువ్వుల పొడి అరచేతుల్లో పోసుకుని నాకేవాళ్లం. నూలు చుట్టే ఖాళీ కండెలతో కోటలు కట్టేవాళ్లం. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లం.

ఆ చప్పుడులో గొంతు పనికిరాదు. అందుకే కార్ఖానాలో అందరూ పెదవులతో మాట్లాడేవాళ్లు. శబ్దం ఉండదు, మాట మొత్తం పెదవుల మీదే ఉంటుంది. కండెలు చుట్టే అమ్మ, షెడ్డు ఆ చివర ఉన్న పోశవ్వతో కిక్కురుమనకుండా పూటంతా పోట్లాడేది. అంత రుచిగల తిట్లు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఊరి నుంచి చుట్టాలు వచ్చి ఎంతకూ లేవకపోతే, వాళ్ల ఎదుటే, నవ్వు మొహంతో, “గీళ్లు ఇప్పట్ల పోయేటట్టు లేరు, బియ్యం నానబెట్టు బిడ్డా” అని పెదవులతోనే నాకు చెప్పేది. నేను చటుక్కున తల ఊపేదాన్ని. ఆమె చెప్పిన మాట ఒక్కటి కూడా నాకు అందకుండా పోయేది కాదు.

గొంతు విప్పిందంటే మాత్రం అమ్మ సాంచాకు పోటీ. ఆ రోజు కూడా బట్టల సంచితో లోపలికి వస్తూ నన్ను చూడగానే, “ఎప్పుడొచ్చినవే బిడ్డా!” అని కేక వేసింది. మరదలు చెవులు మూసుకున్నంత పని చేసింది. “అమ్మా, జర మెల్లగ. సొసైటీల కంప్లైంట్ చేస్తరు,” అన్నాడు శీను. సాంచాలను ఆపిన అద్దం అమ్మను ఆపలేకపోయిందట!

అమ్మ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది.

“మరి ఈడ ఉంటవా అమ్మా?” అని శీను అడిగాడు. మరదలు వంటగట్టు దగ్గరి నుంచి చూస్తోంది.

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె పెదవులు కదిలాయి. ఆగి, మళ్లీ కదిలాయి. కనుబొమ్మలు పైకి లేచాయి. నన్నేదో అడుగుతోంది. ముందు పళ్లు ఊడిన నోరు ఆమెది, పెళ్లయి వెళ్లాక సాంచాల మొహం చూడని కాపురం నాది. నాకు ఒక్క ముక్క అందలేదు. అయినా అలవాటు కొద్దీ తల ఊపేశాను.

అమ్మ కాసేపు నన్నే చూసింది. తర్వాత శీనుతో, నేనెన్నడూ వినని మెల్లని గొంతుతో, “సరే కొడుకా. అక్క గూడ ఈడనే ఉండుమంటున్నది,” అంది. సంచి తీసి సోఫా పక్కన పెట్టింది.

గల్లీలో సాంచాలు ఇంకా నడుస్తున్నాయి. మా ఇంట్లో ఆ భాష తెలిసిన మనిషి మాత్రం అమ్మ ఒక్కతే మిగిలింది. శీనును, వాడి ఇంటిని అంతగా ఈసడించుకున్న నేను, “అర్థం కాలేదమ్మా, మళ్లొకసారి చెప్పు” అనడానికి సిగ్గుపడి, మరదలు ఇచ్చిన చాయ్ తాగి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను.