స్టేటస్ కో, ఒక గిన్నె పులుసు

మదనపల్లె కోర్టులో లాయరుగా నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేవి లాటిన్ మాటలు. ఎక్కడి రోము, ఎక్కడి నిమ్మనపల్లె! అయినా ఆర్డరు వచ్చినప్పుడల్లా వాటికి తెలుగు చెప్పే పని నాదే.

నిమ్మనపల్లె దగ్గర ఒక టమోటా చేను కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు. నేను అన్న తరఫు. చేను విషయంలో ఇద్దరూ స్టేటస్ కో పాటించాలని ఆర్డరు వచ్చింది. కోర్టు వరండాలో అన్నకూ ఆయన భార్యకూ దాని అర్థం చెప్పాను.

"ఈ దినం ఎట్లుండాదో అట్లే ఉండల్లప్పా. తీర్పు వచ్చేదాకా ఏదీ మార్చగూడదు."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

తర్వాతి వాయిదాకు ఆమె నన్ను పక్కకు పిలిచింది. మొహంలో బెదురు.

"అమ్మా, ఆర్డరు వచ్చిన దినం పొద్దున కూడా మా మరిది ఇంటికి పులుసు పంపించినాను. వాళ్లింటి నుంచి మాకు పాలు వస్తాండాయి. కోర్టుకు పోయినాక ఇవన్నీ యాల, ఆపేద్దామనుకుంటిమి. మీరేమో ఏదీ మార్చొద్దంటిరి. అందుకే ఇంకా పంపిస్తానే ఉండాను. తప్పేం లేదు కదా?"

ఆర్డరు చేనుకే గానీ పులుసుకు కాదని చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో వరండా ఆ చివర, అవతలి లాయరు పక్కన నిలబడి ఉన్న తమ్ముడి భార్య కనిపించింది. కడిగిన స్టీలు గిన్నె ఒకటి పట్టుకుని మావైపే చూస్తోంది.

"ఆపితే కోర్టు ధిక్కారం కిందికి వస్తాదమ్మా," అన్నాను.