సినిమా రేవు

అక్కను చూసి చాలా రోజులైందని మొన్న రామచంద్రపురంలో బస్సు దిగి ఆటో ఎక్కితే, కపిలేశ్వరపురం దాటాక ఆ ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "సినిమా రేవు కాడ ఆపమంటారాండీ?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళైనా ఆ పేరు వింటే అంతే. అతన్ననుకుని లాభం లేదు, అది అతను పుట్టకముందు సంగతి. ఆ రేవు కట్టించినవాణ్ణి నేనే. ఇప్పుడక్కడ రేవు లేదు, జనం నోట్లో పేరొక్కటే మిగిలింది.

నేను సినిమాల్లో కళాదర్శకుడిగా పనిచేశాను. అదేం ఉద్యోగమో మా బంధువుల్లో సగం మందికి ఈనాటికీ తెలియదు. కథకు ఇల్లు కావాలన్నా, జైలు కావాలన్నా నిలబెట్టి, కొత్త గోడకు టీ నీళ్ళూ మసీ పూసి పాతది చేసి, షూటింగ్ అయిన మర్నాడు దాన్ని దగ్గరుండి విరగ్గొట్టించడం నా పని. మద్రాసులో కొన్నీ, హైదరాబాదులో కొన్నీ, ఎన్ని కోనసీమలు కట్టానో నాకే లెక్క లేదు. వచ్చిన ప్రతి దర్శకుడికీ క్యాలెండరు మీది కోనసీమే కావాలి. మా వైపు బురద కూడా ఉంటుందండీ అంటే నవ్వేసి, ఇంకో రెండు అరటిచెట్లు పెట్టించమనేవారు.

అలాంటిది ఒకసారి నిజంగానే మా అక్కావాళ్ళ ఊరి గట్టు కింద రేవు సెట్టు వెయ్యాల్సి వచ్చింది. అక్కా బావగారూ గోదావరి మధ్య లంకలో కూరగాయలు పండించేవారు. రోజూ పడవ మీద వెళ్ళి రావాలి. గట్టు దిగిన దగ్గర్నుంచి పడవ దాకా మోకాలిలోతు బురద. నెత్తిన వంకాయల గంపలతో ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగేవారు. మా దర్శకుడికేమో కాశీలో లాంటి రాతిమెట్లు కావాలి. ఎవరైనా చేసేది, చెక్కలు కొట్టి, పైన ప్లాస్టరు పట్టించి, రాయి రంగు వేసెయ్యడం. కానీ ఆ మట్టి నాకు తెలుసు, ఉత్త చెక్కలు అక్కడ ఒక్క పూట నిలవవు. పైగా హీరోయిన్ వెనకాల గేదెలు కూడా దిగాలి. అందుకని మా వైపు రేవులకు వేసినట్టే తాటిమొద్దులు చీల్పించి మెట్లుగా పరిపించి, గుంజలు గట్టిగా దిగ్గొట్టించి, వాటి మీద ఆ దొంగ రాయి అతికించాను.

కెమెరా లేని వేళల్లో లంకకు వెళ్ళే ఆడవాళ్ళు ఆ మెట్ల మీదే దిగడం మొదలుపెట్టారు. మా కావలివాళ్ళు కసిరితే కాసేపు ఆగేవారు, మళ్ళీ దిగేవారు. పడవాయన తన తాడు తెచ్చి మా గుంజకే కట్టాడు. ఓ సాయంత్రం అక్క గంప దించుకుని పై మెట్టు మీద కూర్చుని తన పాదాలు చూసుకుని, "ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కునే పనే లేదురా" అంది. నా సినిమాలు చూసి ఒక్కదాన్నీ మెచ్చుకున్న పాపాన పోని మనిషి అన్న ఆ మాటకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

షూటింగ్ అయిపోయింది. రాయి పెచ్చులు ఊడదీసి తాటిమొద్దులు మాత్రం ఉంచేద్దామని ప్రొడక్షన్ మేనేజరును బతిమాలాను. గట్టు ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలన్న షరతు మీదే అనుమతి ఇచ్చారు, కుదరదన్నాడు. అలాగే అంటే బురదగానా అని అడిగితే, అంతే కదండీ అన్నాడు. బావగారు ఆ అనుమతి ఇచ్చిన గవర్నమెంటు ఆఫీసు చుట్టూ తిరిగారు. సినిమా కంపెనీ ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదని వాళ్ళూ, ఆఫీసు ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదని వీళ్ళూ. రేపు ఆ మెట్ల మీద ఎవరైనా జారిపడితే పూచీ ఎవరిదని ఇద్దరికీ భయం. బురదలో జారిపడితే ఎవరికీ పూచీ లేదు మరి. సెట్టు కట్టించేవాడికి దాని మీద ఏ హక్కూ ఉండదని అంతకుముందూ తెలుసు నాకు, కానీ అంత కడుపుమంట ఎప్పుడూ కలగలేదు. ఆఖరికి ట్రాక్టరు కట్టి లాగించారు. గట్టిగా దిగ్గొట్టించిన పాపానికి ఆ గుంజలు ఓ పట్టాన ఊడిరాలేదు. మనుషులు నన్ను తిట్టుకుంటూ లాగుతుంటే విన్నాను. అక్క గట్టు మీద నిలబడి అంతా చూసి, "పోనీలేరా, నాలుగు రోజులు మారాణుల్లా దిగేం" అని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగింది.

మొన్న ఆటో అక్కడే ఆపించాను. అక్క ఇప్పుడు లంకకు వెళ్ళలేకపోతోంది, కోడలు వెళ్తోంది. నేను చూస్తుండగానే ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కి వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో తనే చెప్పింది, ఈమధ్య ఎవరో సినిమావాళ్ళు వచ్చి అక్కడ ఆకుపచ్చ గుడ్డ కట్టి, రెండు పూటల్లో పని ముగించుకుని పోయారట. రేవు కంప్యూటర్లో వేసుకుంటారట. తెర మీద వాళ్ళ మెట్లు నా మెట్లకంటే బాగుంటాయి, అందులో సందేహం లేదు. కానీ మా రోజుల్లో ఎంత దొంగ రాయైనా కింద ఏదో ఒకటి నిలబెట్టేవాళ్ళం, విరగ్గొట్టేలోగా కొన్నాళ్ళైనా దాని మీద మనుషులు నడిచేవారు. వీళ్ళకు కట్టే పనీ లేదు, విరగ్గొట్టే బాధా లేదు. గట్టు ఎలా తీసుకున్నారో అలాగే, బురదతో సహా, అప్పగించి వెళ్ళారు.