క్రీము పొట్టేలు తల ఊపిన రోజు

ఆ రోజుల్లో ఫోను మోగితే నాకు గుండె దడదడలాడేది. అప్పులవాళ్ళకు జడిసి కాదు, ఎవరైనా కేకు కావాలని అడుగుతారేమోనని. అంగడి తెరిచి కూర్చున్న మనిషి బేరం వస్తుందేమోనని భయపడడం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు కానీ, మా ప్రొద్దుటూరులో మాత్రం, ఒక మేడమీది రెండు గదుల ఇంట్లో, నా రూపంలో ఉండేది. కడపలో కొద్దిరోజులు క్లాసుకు పోయి, మిగిలిన విద్యంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకొని, ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టాను. మా ఆయన గుడ్డలంగట్లో పనిచేస్తాడు. నా మీద ఆయనకున్న నమ్మకం ఎంతటిదంటే, నా మొదటి కేకు పొయ్యిలోనుంచి బయటికి రాకముందే మెట్ల కింద బోర్డు కట్టించేశాడు. ‘ఇచ్చట అన్ని రకముల డిజైను కేకులు చేయబడును’ అని. (అన్ని రకములట! నాకు అప్పటికి వచ్చింది ఒక్క గులాబీ. అది కూడా పక్కనుంచి చూస్తే క్యాబేజీ.)

కేకు తీసుకుపోయినవాళ్ళు తిట్టి ఉంటే ఎట్లో బతికేసేదాన్ని. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. అదే నా ఏడుపు. అందరూ ఒకటే మాట అనేవాళ్ళు, ‘రుచి మాత్రం బాగుండాది’ అని. పెళ్ళిచూపులకు పోయి వచ్చినవాళ్ళు ‘పిల్ల గుణం బంగారం’ అంటే ఆ సంబంధం కుదరలేదని అర్థం. కేకు మీద పూలు పెట్టే మనిషికి ‘రుచి మాత్రం’ అన్న మాట అట్లాంటిది. పులివెందుల నుంచి ఒక చీనీతోట రైతు కూతురి నిశ్చితార్థానికని రెండంతస్తుల కేకు చేయించుకున్నాడు. బస్సులో జాగ్రత్తగా మనిషినిచ్చి పంపాను. సాయంత్రం ఆయన ఫోను చేసి, “ఏం లేదులే పాపా, పై అంతస్తు రోంత పక్కకు వాలింది. మేమూ ఆ పక్కకే వాలి ఫోటో దిగినాం. రుచి మాత్రం శానా బాగుండాది” అన్నాడు. ఎంత మంచి మనిషి! ఆ మంచితనానికే నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ కుటుంబమంతా పట్టుచీరలు కట్టుకొని ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ దృశ్యం కళ్ళ ముందు కదిలి, రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నాకు చేతకాదు, చేతనైనట్టు జనాన్ని నమ్మిస్తున్నాను, ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు నలుగురిలో నిలబెట్టి ఆ మాట అనేస్తారు. పొద్దున లేచింది మొదలు నాకు ఇదే ధ్యాస.

అట్లాంటి సమయంలో వచ్చాడు పొట్టేళ్ళ మామ. జమ్మలమడుగు దాటి గండికోటకు పోయే దారిలో వాళ్ళ ఊరు. తాతముత్తాతల నాటినుంచి గొర్రెలు మేపే ఇల్లు, ఇప్పుడు రెండు బోర్లు వేసుకొని సేద్యం కూడా చేస్తున్నారు. భుజం మీద తువ్వాలు తీసి మెట్టు తుడుచుకొని కూర్చొని, “మా మనవడికి ఏడాది నిండుతాంది పాపా. కేకు గావల్ల. పొట్టేలు మాదిరి ఉండల్ల” అన్నాడు. వాళ్ళింట్లో ఒక పొట్టేలు ఉందట. ఆ బిడ్డ ఏడ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తే ఊరుకుంటాడట. “గులాబీలు పెట్టిస్తాను మామా, బాగుంటాయి” అని నా శక్తికొద్దీ తప్పించుకోజూశాను. “గులాబీలు యాడైనా దొరుకుతాయిలేమ్మా. మా పొట్టేలు యాడ దొరుకుతాది? బోర్డులో అన్ని రకాలూ చేస్తామని రాసినావు గదా” అన్నాడు. మా ఆయన అప్పుడే అన్నానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపల, “మా ఇంటిది చేస్తాది మామా, నువ్వు నిమ్మళంగా పో” అని మాటిచ్చేశాడు.

మామ మెట్లు దిగిపోయాక మా ఆయనతో తెగేసి చెప్పాను, ఇదే చివరిదని. ఈ కేకు కూడా ‘రుచి మాత్రం’ అనిపించుకుంటే పొయ్యి అమ్మేసి, బోర్డు పీకేసి, మళ్ళీ జన్మలో క్రీము ముట్టుకోనని. బెదిరింపుకు అన్న మాట కాదది. నిజంగా ఒట్టేసుకున్నాను. కేకులు చేసేది అనిపించుకోవాలని నాకెంత ఆశ ఉండేదో నా ఒక్కదానికే తెలుసు. ఆ ఆశను చేతులారా పూడ్చిపెట్టడానికి ముహూర్తం పెట్టుకున్నదానిలాగా, గొర్రెల మందలు పోయే దారిలో నిలబడి పొట్టేళ్ళ మొహాలు చూడడం మొదలుపెట్టాను. కాపరులు నన్ను బేరానికి వచ్చినదాన్ని అనుకొని పొట్టేళ్ళ పళ్ళు కూడా చూపించారు.

పుట్టినరోజు పొద్దున్నే పొట్టేలును నిలబెట్టాను. ఒళ్ళు కేకుతో, తల ఇంకో చిన్న కేకుతో. తలకూ ఒంటికీ మధ్యన ఒక కట్టెపుల్ల. ఉన్ని కోసం ఒళ్ళంతా క్రీము చుక్కలు. అన్నీ అయ్యాక మా ఆయన వచ్చి, తల ఇటు వంచి అటు వంచి చూసి, “కుక్క శానా బాగొచ్చింది మే” అన్నాడు. (మనిషి మంచివాడే. చూసింది చూసినట్టు చెప్పడం ఒక్కటే జబ్బు.) మూతి చెక్కి సన్నం చేశాను. పంది అయింది. మళ్ళీ క్రీము పెట్టి కోలగా చేశాను. ఏ దేశంలోనూ లేని జంతువొకటి నన్ను చూసి జాలిపడింది. చివరికి చాక్లెట్టుతో మెలితిరిగిన కొమ్ములు పెట్టాను. కొమ్ములున్నాయి కాబట్టి ఇక కుక్క అనడానికి వీల్లేదని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. కానీ చెక్కీ చెక్కీ మెడ దగ్గర సన్నబడిపోయింది. తల ఆ పుల్ల మీద దేవుడి దయతో నిలబడి ఉంది.

ఎండాకాలం. ప్రొద్దుటూరు ఎండ గురించి చెప్పాల్సిన పనిలేదు. ఏసీ ఉన్న కారు మాట్లాడుకొని పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఊరు దాటగానే డ్రైవరు ఏసీ ఆపేసి, “ఏసీ ఏస్తే బండి లాగదు మేడం” అన్నాడు. జమ్మలమడుగు చేరేలోపల నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కుకున్నానో లెక్కలేదు. కిటికీలోనుంచి వడగాలి, ఒళ్ళో కరుగుతున్న గొర్రె, పక్కన ‘ఏం కాదులే’ అంటున్న మొగుడు. ఆడదానికి ఇంతకంటే కష్టం ఏముంటుంది?

మామ ఇంటి ముందర షామియానా వేశారు. ఊరంతా అక్కడే ఉంది. పక్కన కొట్టంలో అసలు పొట్టేలు కట్టేసి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, కొమ్ములకు పసుపు పూసి, రాజులాగా ఉంది. నేను చేసింది తెల్లది. పొట్టేలు ఏ రంగో అడగాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది! ప్లాస్టిక్ బల్ల మీద పెట్టి పెట్టె మూత తీశాను. అందరూ కొట్టంలోదాన్ని ఒకసారి, బల్ల మీదిదాన్ని ఒకసారి చూశారు. ‘రుచి మాత్రం’ అనడానికి ఇంకా ఎవరూ తినలేదు కాబట్టి వాళ్ళకూ ఏమనాలో తోచలేదనుకుంటా.

అప్పుడు ముందుకు వచ్చింది మామ భార్య, ఆ ఇంటి అవ్వ. కేకు వైపు చూసి, కత్తికి రిబ్బను కడుతున్న కోడలి వైపు చూసి, మొగుడి మీద విరుచుకుపడింది. “ఏమప్పా, నీకు బుద్ధుండాదా? బిడ్డ పుడితే పొట్టేలునిస్తానని అమ్మకు నేను మొక్కుకుంటి. జాతర రాకముందే, అది ఒప్పుకోకముందే, బిడ్డ చేత దాని గొంతు మీద కత్తి పెట్టిస్తావా?” నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు, ఆ కొట్టంలోది మొక్కుబడి పొట్టేలని. మా వైపు మొక్కిన పొట్టేలుకు ఊరికే కత్తి పెట్టరు. దాని మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలించో, తల ఊపో ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా ఎంతసేపైనా చేతులు కట్టుకొని కాచుకోవాల్సిందే. ఇదంతా చిన్నప్పటినుంచి చూసినదాన్నే నేను, అయినా కేకు పొట్టేలుకు కూడా ఈ న్యాయం వర్తిస్తుందని నాకెట్లా తోస్తుంది?

గుంపులోనుంచి ఎవరో నవ్వుతూ, “దానికేముందవ్వా, దీని మింద కూడా నీళ్ళు చల్లి చూడు, ఒప్పుకుంటాదేమో” అన్నారు. అందరూ నవ్వారు, అవ్వ తప్ప. అవ్వ చెంబులో పసుపు కలిపి వేపమండ ముంచుకొని వచ్చింది. క్రీము మీద నీళ్ళు! నా ప్రాణం పోయింది. “వద్దవ్వా, నీళ్ళు పడితే చెడిపోతాది” అని అడ్డం పోయాను. “ఉండు పాపా, నువ్వు చిన్నదానివి. ఇది మా ఇంటి సంగతి” అని నన్ను పక్కకు జరిపి, చల్లింది. పసుపు చారలు ఉన్ని మీదనుంచి జారి మెడలోకి దిగాయి. నవ్వినవాళ్ళు కూడా నవ్వాపి చూస్తున్నారు. పొట్టేలు కదల్లేదు. “అమ్మా, తప్పుంటే క్షమించు, బిడ్డ నీ బిడ్డే” అని అవ్వ కళ్ళనీళ్ళతోనే మండ ముంచింది. ఇంకోసారి చల్లింది. ఆ మాటకు నాకూ కన్నీళ్ళు వచ్చాయి. ఒక ముసలామె కేకు ముందర క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, నేను చేసిన ఈ వికారానికి. పొయ్యి రేపే అమ్మేయాలి, రేపటిదాకా కూడా ఎందుకు, ఈ సాయంత్రమే.

అంతలో తల్లి చంకలోని బిడ్డ కొట్టంలోని తన పొట్టేలును చూసిన సంబరంతో కాలు ఆడించి బల్లను ఒక్క తన్ను తన్నాడు. బల్ల ఊగింది. నా పొట్టేలు తల మెల్లగా ముందుకు వాలింది, పుల్లకు తట్టుకొని పైకి లేచింది, మళ్ళీ వాలి, ఇక అట్లాగే వంగి ఉండిపోయింది. మెడ తెగిందని నాకు తెలుసు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

“ఒప్పుకునింది!” అని అరిచాడు మామ. షామియానా కింద ఒకటే కేక. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు, అందరూ చేతులు జోడించారు. అవ్వ కళ్ళు తుడుచుకొని, బిడ్డ చేతికి కత్తినిచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకొని కోయించింది. తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, రవికెగుడ్డ ఒళ్ళో పెట్టి, “నీ చేతిలో ఏదో ఉండాది తల్లీ” అంది. కారెక్కినదాన్ని జమ్మలమడుగు దాకా ఏడుస్తూనే ఉన్నాను. “అందరూ మెచ్చుకుంటే ఏడుస్తావేంది మే?” అన్నాడు మా ఆయన. “అది తల ఊపలేదు, ఊడింది” అన్నాను. ఆయన “ఊడింది గానీ, సమయానికి ఊడింది గదా” అన్నాడు. నాకు ఓదార్పు అనిపించలేదు. జీవితంలో ఒక్క కేకు జనం మనసుకు నచ్చింది, అది కూడా విరిగినందుకు!

పొయ్యి అమ్మలేదు. అమ్మనిస్తేగా. ఆ వారంలోనే చుట్టుపక్కల ఊళ్ళనుంచి ‘తల ఊపే కేకు’ కావాలని అడగడం మొదలుపెట్టారు. సరే, పోయిన పరువు ఎట్లాగూ పోయిందని, కావాలనే మెడ వదులుగా పెట్టి చేశాను. దరిద్రం చూడండి, ఒక్కటీ ఊగలేదు. ఎట్లా పెడితే ఊగుతుందో వెతుక్కుంటూ, పుల్ల ఎంత లావుండాలి, మెడ ఎంత మందముండాలి, క్రీము ఎండకు ఎప్పుడు జారుతుంది అన్నీ చేతికి తెలిసిపోయాయి. అట్లా, ఊడే కేకు చేయబోయి నిలబడే కేకు నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చేసిన నాలుగంతస్తులు పులివెందులకు బస్సులో పోయినా నిట్టనిలువునా దిగుతున్నాయి. ‘రుచి’ మాట ఎవరూ ఎత్తడం లేదు. (ఈ మధ్య అదొక దిగులు పట్టుకుంది.)

ఆనాటి ఫోటో ఒకటి మామ పంపించాడు. నా ఫోనులో దాచుకున్నాను. మనసు బాగాలేనప్పుడు తీసి చూస్తుంటాను. నడుమ పసుపు చారలతో తల వంచుకున్న తెల్ల పొట్టేలు. చుట్టూ మామ, అవ్వ, కోడలు, ఊరు ఊరంతా, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఒక అంచున, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, చావింటికి వచ్చినదానిలాగా ఒక పిల్ల. అంతమందిలో ఆ కేకుకు దండం పెట్టనిది ఆ పిల్ల ఒక్కతే. చూస్తే నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది. ఆ ఫోటోలోకి దూరి, దాని చేతులు రెండూ పట్టుకొని దగ్గరికి చేర్చి, “నువ్వు కూడా ఒక్క దండం పెట్టుకోవే పిచ్చిదానా” అని చెప్పాలనిపిస్తుంది.