కిందికే ఉన్నాయని చెప్పాను

ఒకే ఒక్క మాట. అదీ ఇంగ్లీషులో అన్నది. ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకుందామని ఓసారి గుడికి వెళ్ళాను. దణ్ణం పెట్టుకుని, పులిహోర తిని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

నేనిప్పుడు ఆక్లండ్ శివారు టకానినిలో ఉంటున్నాను. కార్ల సర్వీస్ సెంటర్‌లో పని. ఇంజన్ వేడెక్కి ఆగిపోయిన బండి వచ్చిందంటే మొదట అడిగేది నేనే. ఎర్ర లైట్ ఎప్పుడు వెలిగింది, వెలిగాక ఎంత దూరం నడిపారు అని. అందరూ ఒకటే చెబుతారు, వెలగగానే ఆపేశామని. బానెట్ ఎత్తగానే వాళ్ళ అబద్ధం బయటపడుతుంది. నవ్వుకుంటాను. నవ్వే హక్కు నాకెక్కడిది అని కూడా అనుకుంటాను. నా అబద్ధాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు మరి.

దక్షిణాన డునెడిన్‌లో చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మంచు కురిసే సెంట్రల్ ఒటాగో కొండల మీద. టూరిస్టులను స్నోమొబైళ్ళ మీద తిప్పే చిన్న కంపెనీ. స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టా. నేను షెడ్‌లో మెకానిక్‌ని. తర్వాతి సీజన్‌కు నా ఫ్లాట్‌మేట్‌ని కూడా గైడ్‌గా పెట్టించాను. వాడి అసలు పేరు రాయను. శీను అంటాను. అనంతపురం వాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవర్. శీనుకు బండి అంటే ప్రాణం. ఏ హ్యాండిల్ పట్టుకున్నా పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు నడిపేవాడు. నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. మా ఇద్దరి వీసాలూ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉన్నాయి. ఇక్కడే స్థిరపడేందుకు రెసిడెన్సీకి నేను అప్పుడే అప్లికేషన్ పెట్టాను.

ఒక్క సంగతి మీకు అర్థం కావాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ బండికి కారులో ఉన్నట్టు ముందు రేడియేటర్ ఉండదు. ఇంజన్ వేడిని మోసుకొచ్చే నీళ్ళు పట్టా పైనున్న రేకులోంచి తిరుగుతాయి. పట్టా తిరుగుతూ కింది మంచును ఆ రేకు మీదికి ఎగజిమ్ముతుంది. అదే దానికి చల్లదనం. మెత్తటి మంచులో బాధ లేదు. దారి గడ్డకట్టి రాయిలా ఉంటే మాత్రం పట్టాకు ఎగజిమ్మడానికి ఏమీ దొరకదు, ఇంజన్ ఉడికిపోతుంది. అందుకని పట్టాకు రెండు వైపులా స్ప్రింగులాంటి కమ్మీలు ఉంటాయి. వాటిని స్క్రాచర్లు అంటారు. కిందికి దించితే అవి గడ్డను గీరి, ఆ పొడిని పైకి లేపుతాయి. రివర్స్ చేసేటప్పుడు విరిగిపోకుండా వాటిని పైకెత్తి కొక్కేనికి తగిలించాలి. తర్వాత మళ్ళీ దించాలి. గట్టి దారి ఉన్న రోజున అవి కిందికి ఉన్నాయో లేదో చూసి బండిని షెడ్‌లోంచి పంపడం నా పని. అంతే. పెద్ద విద్యేమీ కాదు.

ఆ రోజు దసరా. ఈ దేశంలో రుతువులు తలకిందులు, దసరా వచ్చేసరికి వసంతం. పగలు కరిగిన మంచు రాత్రికి గడ్డ కడుతుంది. ఆ ఉదయం కొండ గట్టు మొత్తం గాజులా మెరుస్తోంది. బండిని పూజ చేయకుండా తీయడం నాకు మనసొప్పలేదు. ఇంటి దగ్గర సైకిల్‌కు కూడా బొట్టు పెట్టకుండా వదిలేవాళ్ళం కాదు. బాస్ రాకముందే కానిచ్చేద్దామనుకున్నాను. "వద్దులే అన్నా, టైమ్ అవుతాంది" అన్నాడు శీను. నేను వినలేదు. వాడు బయట పెట్రోల్ డబ్బాలు సర్దుతుంటే నేను లోపల వాడి బండికి పసుపు రాశాను, బొట్టు పెట్టాను, అగరొత్తి వెలిగించాను. పట్టా కింద చెరో వైపూ నిమ్మకాయలు పెట్టబోయాను. స్క్రాచర్లు అడ్డం వచ్చాయి. నిమ్మకాయ పెట్టడం, అది దొర్లిపోవడం. విసుగొచ్చి రెండు స్క్రాచర్లనూ ఎత్తి కొక్కేలకు తగిలించాను. బండి నిమ్మకాయలు తొక్కి గుమ్మం దాటగానే దించేద్దాంలే అనుకున్నాను.

అంతలో టూరిస్టుల వ్యాన్ వచ్చింది. బాస్ దిగాడు. అగరొత్తి ఎక్కడ దాచాలో తెలియక చేత్తో నలిపి జేబులో వేసుకున్నాను. వేలు కాలింది. శీను బండెక్కాడు. వాడి వెనక ఒక పెద్దావిడ కూర్చుంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, సరదాగా నవ్వుతోంది. బండి నిమ్మకాయలను తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. తొక్కినప్పుడు సంతోషించాను కూడా. స్క్రాచర్ల సంగతి ఎప్పుడు గుర్తొచ్చిందో చెప్పమంటారా? బండి మలుపు తిరిగి కనపడకుండా పోయిన కాసేపటికే. జేబులో వాకీటాకీ ఉంది. శీనూ, ఒకసారి ఆగి స్క్రాచర్లు దించుకో అంటే సరిపోయేది. కానీ ఆ మాట అన్ని వాకీటాకీల్లోనూ వినిపిస్తుంది. బాస్ వింటాడు. ఎందుకెత్తావని అడుగుతాడు. వెళ్ళే దారి లోయ నీడలో ఉంటుంది, అక్కడ ఎండ తగలక మంచు ఇంకా మెత్తగానే ఉంది, పైన రివర్స్ చేసేటప్పుడు శీనే చూసుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చదివారు కదా? మరిచిపోవడం ఒక్కటే కాదు. గుర్తొచ్చాక కూడా ఊరుకున్నాను. ఈ ముక్క నాకు నేను కూడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

వెళ్ళేటప్పుడు నేననుకున్నట్టే ఏమీ కాలేదు. పైన ఫోటోలు తీసుకున్నారు. శీను బండిని రివర్స్ చేసి తిప్పాడు. తిరుగు దారి గట్టు మీదుగా, అంతా గడ్డే. ఎర్ర లైట్ వెలిగింది. వాడు ఆపాడు. మెత్తటి మంచు కోసం దారి పక్కలకు వెళ్ళి చూశాడు, అక్కడా గడ్డే. బూటు మడమతో పగలగొట్టి ఆ ముక్కలనే రేకు కింద కుక్కాడు. స్క్రాచర్లు పైనే ఉన్నాయేమోనని ఆ కంగారులో వాడికి తట్టనేలేదు. లైట్ ఆరింది. కదిలాడు. మళ్ళీ వెలిగింది. గాలి పెరుగుతోంది, వెనకున్నావిడ వణుకుతోంది, అక్కడే ఆపి కూర్చోబెట్టలేడు. ఏటవాలుగా ఉన్న చోట ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. బండి పక్కకు జారి బోల్తా పడింది. ఆవిడ కాలు దాని కింద ఇరుక్కుంది.

వాకీటాకీలో శీను అరుపు విన్నాను. బాస్ ఇంకో బండి మీద దూసుకెళ్ళాడు. హెలికాప్టర్‌కు ఫోన్ చేశారు. ఆ గొడవలో నేనేం చేశానో తెలుసా? పార తీసుకుని, గుమ్మం ముందు చితికిన నిమ్మకాయల మీద మంచు కప్పాను. తెల్లటి మంచులో ఆ పసుపు రంగు దూరం నుంచి కూడా కనిపిస్తోంది మరి. ఒక మనిషి కాలు నుజ్జయిందని తెలిసి నేను చేసిన మొదటి పని అది.

బండిని లాక్కొచ్చారు. స్క్రాచర్లు రెండూ పైకే ఉన్నాయి. బాస్ వాటినే చూస్తూ నిలబడ్డాడు. శీను పక్కనే ఉన్నాడు, పెదాలు తెల్లబడిపోయి. బాస్ నన్నడిగాడు.

"షెడ్‌లోంచి బయల్దేరినప్పుడు ఇవి కిందికి ఉన్నాయా?"

"కిందికే ఉన్నాయి. నేనే చూశాను."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. శీను నా వైపు తిరిగాడు. వాడు నన్ను అనుమానంగా చూసి ఉంటే బావుండేది. వాదించి ఉంటే బావుండేది. నా మొహంలోకి చూసి, తలాడించి, తెలుగులో మెల్లగా అన్నాడు.

"నువ్వు చూసినావంటే చూసినట్టే అన్నా. అట్లయితే పైన రివర్స్ చేసేటప్పుడు నేనే ఎత్తింటా. ఆయమ్మ ఫోటో తీయమనింది. ఆ తొందరలో మళ్ళా దించేది మర్చిపోయినా."

వాడు ఎత్తలేదు. అవి పొద్దుటి నుంచీ పైనే ఉన్నాయి. కానీ నా మాట నమ్మి, జరగనిది జరిగినట్టు వాడే గుర్తు చేసుకున్నాడు. బాస్ ఎదుట ఇంగ్లీషులో మళ్ళీ అదే చెప్పాడు, తప్పు నాదేనని. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

ఎందుకు చేశానా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. వీసా భయమా? అవును. కానీ అదొక్కటే అయితే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. అసలు సంగతి ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుచేటు. నిమ్మకాయల కోసం ఎత్తానని ఆ తెల్లాయనకు చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. నిమ్మకాయలా అని ఆయన అడుగుతాడు. బండి కింద నిమ్మకాయలెందుకో నేను వివరించాలి. వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి నా తమ్ముడిలాంటి వాణ్ణి బలిచ్చాను. వాడు కూడా చూసుకోవాల్సింది కదా, రివర్స్ చేసేటప్పుడు వంగి చూస్తే తెలిసేది కదా అని కొన్నాళ్ళు ఊరట పొందాను. ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు.

ఆవిడ బతికింది. నడుస్తుంది, చేతికర్ర ఉండాలి. బాస్ శీనును తీసేయలేదు. వాడే వెళ్ళిపోయాడు. ఆక్లండ్‌లో వేరే పని, వేరే వీసా చూసుకున్నాడు. ఇప్పుడు అక్కడే మనురేవాలో ఒక దుకాణంలో పని చేస్తున్నాడు. నా రెసిడెన్సీ వచ్చింది. ఆ ఏడు నేను పార్టీ కూడా ఇచ్చాను.

ఆ రోజు నుంచి శీను ఏ బండీ నడపలేదు. ఆక్లండ్‌లో కారు లేకుండా బతకడమంటే మీకు తెలుసు. వానలో, గాలిలో స్టేషన్‌కు నడుస్తాడు. పెళ్ళయ్యాక భార్య లావణ్య నడుపుతుంటే పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఎందుకురా అని అడిగితే ఒకటే జవాబు. "నా చేతుల మీద నాకే నమ్మకం ల్యాదన్నా."

నేను కూడా ఆక్లండ్ వచ్చేశాక, ప్రతి దసరాకూ వాడు టకానిని వస్తాడు. ట్రైన్ దిగి, నిమ్మకాయల సంచీతో. నా కారు టైర్ల కింద వాడే స్వయంగా పెడతాడు. పక్కకు జరిగి, పోనీ అన్నా అంటాడు. కిందటేడు టైర్ దగ్గర వంగి ఉండగానే అన్నాడు, "ఆ పొద్దు నువ్వు పూజ చేసినావు కాబట్టే ఆయమ్మ ప్రాణంతో బయటపడింది. లేకుంటే నేను చేసిన పనికి ఏమయ్యేదో." నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. కారు కదిలించడానికి కాలు రాలేదు. ఏమైందన్నా అని కిటికీ దగ్గరికొచ్చాడు. ఏం లేదన్నాను.

మొన్న లావణ్య ఫోన్ చేసింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. "అన్నయ్యా, నొప్పులొస్తే నేనే డ్రైవ్ చేసుకుని పోవాల్నా? అంబులెన్స్ ఉందిలే అంటాడు. రేపు బిడ్డ పుట్టినాక? బిడ్డను ఎత్తుకోనీకి కూడా భయమేస్తాంది, చేతుల్లోంచి జారుస్తానేమో అంటాడు. మీ మాటైతే వింటాడు. చెప్పండి అన్నయ్యా."

చెబుతానన్నాను. వాడు నా మాట వింటాడు. నిజమే. ఒకసారి విన్నందుకే కదా ఇలా అయ్యాడు.

కన్నబిడ్డను ఎత్తుకోవడానికి భయపడుతున్నాడు. ఇన్నాళ్ళూ పోయింది ఒక ఉద్యోగం, ఒక సరదా అనుకుని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఇక ఆ వీలు లేదు. ఈ శనివారం దసరా. వాడు వస్తాడు. చెబుతానా? ప్రతి ఏడూ చెబుదామనే అనుకున్నాను, కాబట్టి నా మాట మీరు నమ్మకండి. చెబితే వాడికి మిగిలిన ఆ ఒక్క నమ్మకం, పూజ కాపాడిందన్నది, అది కూడా పోతుంది. నా ఇంటి గడప మళ్ళీ తొక్కడు. తొక్కకూడదు కూడా. క్షమించమని అడిగే ఉద్దేశం నాకు లేదు. అడగడానికి మొహమూ లేదు.

ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అది నా ఊపిరే, వాడిది కాదు. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఎన్నేళ్ళుగానో గొంతులో ఇరుక్కున్న మాటలు ఇప్పుడు వరసగా వస్తున్నాయి. ఎవరూ లేని గరాజ్‌లో నిలబడి, వాడు నా ఎదురుగా ఉన్నట్టే, ఇందాక ఒకసారి పైకే అన్నాను. శనివారం అనాల్సింది కూడా ఇదే.

ఆ పొద్దున స్క్రాచర్లు ఎత్తింది నేను, నిమ్మకాయల కోసం. దించనిది నేను. గుర్తొచ్చాక కూడా చెప్పనిది నేను. కిందికే ఉన్నాయని అబద్ధమాడింది నేను. శీనూ, నువ్వేమీ మర్చిపోలేదు.